మూల దగ్గర సందు

బడీచౌడీ గల్లీల మా దుకాణం.
బొమ్మ చుట్టూత కట్టె బిగిస్తం, అడుగుకింతని రేటు.
దేవుడైనా, పోయిన తాతైనా, ఇంజనీరు పట్టా అయినా
టేపుకు అందరొక్కటే.

ఓ వానాకాలం, లాలాగూడ నుంచి నర్సింగరావని
కరెంటాఫీసుల లైన్‌మన్
సైకిలు క్యారియర్‌కు కట్టుకొని తెచ్చిండొక బొమ్మ.
ట్యాంక్‌బండ్. రాత్రి.
నీళ్లల్ల గులాబిరంగు గుర్రం.
దాని వెనక కాలు మనిషి మోకాలు లెక్క
ముందుకు మడిచి ఉన్నది.
చంద్రుడు ఆకుపచ్చ.
యాభై రూపాయలు బయానా ఇచ్చి,
"బేస్తారం వస్త" అని పోయిండు.
రాలే.

"వీడు జన్మల గుర్రాన్ని చూసిండా?"
మా నాయిన నవ్వి, గోడ దిక్కు తిప్పి పెట్టిండు.
అట్టలు కొననీకి వచ్చిన మాసాబ్‌ట్యాంక్ కాలేజీ పిలగాడు
ఇటు తిప్పి చూసి, మళ్ల గోడకే తిప్పిండు:
"అనాటమీ లేదన్నా."
మా ఇంటామె సువర్ణ మాత్రం
"చంద్రునికి పాసి పట్టింది, మంచిగున్నడు" అన్నది.
గుర్రం ఊసెత్తలే.

నాకూ నచ్చలే.
ఎందుకంటే చెప్పరాదు.
పచ్చిపులుసు ఎట్లుండాల్నో నాకెవరు నేర్పిండ్రు?
నాలుక నాదే,
రుచి మా నాయినమ్మది.

పదకొండేండ్లు.
నాయిన పోయిండు. బొమ్మ వెనక బల్లి గుడ్లు పెట్టింది.

అప్పుడొచ్చింది బంజారాహిల్స్ గ్యాలరీ మేడం,
వేరే పని మీద.
గోడకున్నదాన్ని తిప్పింది.
ఫోన్ మోగుతున్నా ఎత్తలే.
"చదువుకోని చెయ్యి... ఎంత నిజాయితీ!"
వేలు పెట్టి చూపించింది.
అదే కాలు. నాయిన నవ్విన కాలు.
"నలభై వేలిస్తా."

అమ్మేముందు లాలాగూడ పోయిన, రసీదు పట్టుకొని.
క్వార్టర్లు కూలగొట్టిండ్రు.
పాన్‌డబ్బా ముసలాయన చెప్పిండు:
"స్తంభం మీదనే పోయిండు. గా వానాకాలమే."
పెండ్లాం పిల్లలెటు పోయిండ్రో
ఆయనకెర్క లేదు.
సగం పైసలు కవర్ల పెట్టిన, మీద రసీదు నంబరు రాసి.
ఇప్పటికీ గల్లాపెట్టెల ఉన్నది.
మిగిలిన సగం సంగతి అడగకుండ్రి.

కారు ఆగి ఉన్నది, తొందర పెట్టిండ్రు.
రంపం జారింది.
కింద ఎడమ మూల
అగ్గిపుల్ల మందం సందు.
అట్లనే ఎత్తుకపోయిండ్రు.

నెల తర్వాత కార్డొచ్చింది. పోయిన.
తెల్ల గోడ. ఒక్క బొమ్మకు ఒక్క లైటు.
మా దుకాణంలో ట్యూబ్‌లైటు కింద
ముప్పై మంది దేవుళ్లు ఇరికిరికి కూసుంటరు,
ఒక్కరి మొగమూ నేను నిలవడి చూడలే.
జుట్టు ముడేసుకున్న పెద్దాయన నా మూల చూపించిండు:
"గమనించారా? కావాలనే వదిలాడు.
చట్రంలో ఇమడని మనిషి."
అందరూ తలలూపిండ్రు.
నా తల కూడా సగం ఊగింది.

గుర్రం సంగతి నాకిప్పటికీ తెల్వదు.
కాలు తప్పా? గోడ మారితే ఒప్పా?
నలుగురు నవ్వితే చెడ్డదీ,
నలుగురు గుసగుసలాడితే గొప్పదీ అయితదా?
అది వాళ్లు తేల్చుకోని.
కానీ ఆ సందు తప్పు.
నలభై అయిదు డిగ్రీలు తెగాల్సిన కట్టె
నలభై నాలుగు తెగింది.
ఎవరు మెచ్చినా తప్పే.

జేబుల లప్పం ముద్ద ఉన్నది.
మెల్లగ దగ్గరికి పోయి వంగిన.
"ముట్టుకోవద్దు పెద్దాయనా,"
గార్డు పిలగాడు, మర్యాదగనే.

వంగినోణ్ని వంగినట్లే ఉన్న.
వీళ్లు దూదితో దుమ్ము తీసినట్టున్నరు,
గుర్రం వెనక, గట్టు మీద
స్తంభాలు కనవడ్డయి, వాటి నడుమ
వెంట్రుకంత సన్నటి గీతలు.
కరెంటు తీగలు.
స్తంభానికీ స్తంభానికీ మధ్య
తీగ ఎంత వదులుండాల్నో
అంతే వదులు.